తొమ్మిదో డ్రైవు

మార్చి 4, మంగళవారం

సెలవు ఇంకో మూడు నెలలు పొడిగించారు. మా స్టోర్స్ ఆఫీసరు సంతకం పెడుతూ, నేను లేకపోతే ఏ బోల్టు ఏ అరలో ఉందో డిపోలో ఒక్కరికీ తెలియడం లేదని వాపోయాడు. పైకి వినయంగా తల ఊపాను గానీ లోపల పొంగిపోయాను. బస్సుల విడిభాగాల గదిని ఇరవై రెండేళ్లుగా ఒంటిచేత్తో చూసుకుంటున్నదాన్ని. ఏ అరలో ఎన్ని పడతాయో కంటితో చూసి చెప్పేస్తాను.

అందుకే అన్నయ్య గదిలోని ఆ సరంజామాకి భయపడకూడదని ఇవాళ తీర్మానించుకున్నాను. అదీ ఒక స్టోర్‌రూమే. అరలు చిన్నవి, అంతే.

అర్థమైనంతలో రాసిపెట్టుకుంటాను, లేకపోతే రేపటికి మర్చిపోతాను. బల్ల మీద పాతకాలపు కంప్యూటరు. ఒళ్ళంతా కీబోర్డే. పక్కన ఫోన్ లైనుకి తగిలించిన మోడెమ్. ఇలాంటి పాత యంత్రాల్ని ఇంకా ఇళ్లలో బతికించుకుంటున్న వాళ్ళు మా నంబరుకి ఫోన్ కలుపుతారు. మోడెమ్ కీచుమంటుంది. వాళ్ళు తమ తెర మీద నోటీసు బోర్డు లాంటి మా 'బోర్డు'లోని ఉత్తరాలు చదువుకుని, తమదొకటి రాసి పెట్టి వెళ్ళిపోతారు. ఇంగ్లీషు అక్షరాలతో మన మాటలే. ఒకసారికి ఒక్కరు. రెండోవాళ్ళకి ఎంగేజ్ వస్తుంది. టెలిఫోన్ లైన్‌మన్‌గా రిటైరైన మనిషికి ఇంట్లో లైను ఖాళీగా ఉంటే తోచదని వదిన దెప్పేది. ఎనిమిదేళ్లుగా నడుపుతున్నాడు. బోర్డులో అందరికీ మారుపేర్లే. అన్నయ్య పేరు 'లైన్‌మన్'.

డిస్కులు తిప్పే డ్రైవులు నాలుగు. నంబర్లు ఎనిమిది నుంచి పదకొండు దాకా. ఒకటి నుంచి ఎందుకు మొదలుపెట్టలేదో కనిపెట్టినవాళ్ళనే అడగాలి. ఒక్కో డిస్కులో ఆరువందల అరవై నాలుగు బ్లాకులు. ఒక్కో బ్లాకులో ఆరు వరుసల రాత పడుతుంది. నా జేబులో ఫోను వేల ఫొటోలు మింగి కూర్చుంది. మా అన్నయ్యేమో ఆరేసి వరుసలు లెక్కపెట్టుకుంటూ ఒక ఊరిని నడిపాడు.

అక్టోబరులో పక్షవాతం వచ్చి పడిపోయాడు. బోర్డు మాత్రం దానంతటదే నడుస్తోంది. వదిన రోజూ దాని మీద దుమ్ము తుడుస్తుంది. కట్టేద్దామని ఒక్కసారీ అనలేదు. ఇంటి నిండా కుట్టుపని పెట్టుకుని, మంచం పక్కన మనిషిని చూసుకుంటూ, సాయానికని వచ్చి పడిన ఆడపడుచుకి కూడా వేళకి కాఫీ ఇస్తున్న మనిషి. ఇలాంటి వదిన దొరకడం నా అదృష్టం. మొహం మీద చెప్పను. చెబితే నెత్తికెక్కుతుంది.

మార్చి 6, గురువారం

స్పీచ్ టీచరు వారానికి రెండుసార్లు వస్తుంది. చిన్న మనిషి, పెద్ద సంచీ. సంచీలోంచి బొమ్మల అట్టలు తీసి కుర్చీ, గొడుగు, పిల్లి అని చూపించింది. అన్నయ్య గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పక్షవాతం కుడిచేతినీ మాటనీ పట్టుకుపోయింది గానీ పౌరుషం జోలికి వెళ్ళలేదు. నోట్లో మిగిలిన మాట ఒక్కటే, 'అదే'. నీళ్ళు కావాలన్నా అదే, కాలు లాగుతోందన్నా అదే.

వెళ్ళేముందు టీచరు నన్ను గుమ్మం దగ్గరికి పిలిచింది. మనం చెప్పేదంతా అన్నయ్యకి అర్థమవుతోందట. లోపలి మాట నాలుక దాకా వచ్చే దారే తెగిందట. తొలి నెలల్లో తిరిగి వచ్చినంత తర్వాత తర్వాత రాదట.

"చిన్నపిల్లల బొమ్మలు ఆయనకి అవమానంగా ఉన్నాయండీ. ఆయన సొంత మాటలు కావాలి. ఉత్తరాలో, డైరీలో, ఏవైనా ఉన్నాయా? తను కూర్చిన వాక్యాలే చదివిస్తే కొంతమందిలో దారి కలుస్తుంది" అంది.

ఉన్నాయన్నాను. ఎనిమిదేళ్ల మాటలు ఉన్నాయన్నాను. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది.

మార్చి 7, శుక్రవారం

లేవు.

ఉత్తరాలన్నీ పదో డ్రైవులో ఉంటాయి. బ్లాకులు సగం ఖాళీ. కానీ డిస్కు మొదట్లో ఉండే పేర్ల పట్టికలో నూట నలభై నాలుగు పేర్లకే చోటు. గోడౌన్‌లో చోటుండి రిజిస్టరులో గీతలు అయిపోయినట్టు. అందుకని అన్నయ్య నూట నలభై ఉత్తరాలు చాలని పెట్టాడు. నూట నలభై ఒకటోది వస్తే అన్నిటికన్నా పాతది చెరిగిపోతుంది.

అక్టోబరు నుంచి వచ్చినవన్నీ అన్నయ్య కోలుకోవాలని రాసినవే. త్వరగా లే లైన్‌మన్. నువ్వు లేక బోర్డు బోసిగా ఉంది లైన్‌మన్. ఒక్కో ఉత్తరం వచ్చి కూర్చుంటూ అన్నయ్య రాసినదాన్నొకదాన్ని బయటికి తోసేసింది. ఇప్పుడు ఆ డిస్కులో అన్నయ్యది ఒక్క అక్షరం లేదు. ఎవరినని తిట్టను? అంత ప్రేమగా రాశారు. చదువుతూ చాలాసేపు ఏడ్చాను. అన్నయ్యకి ఇంతమంది ఉన్నారని నాకు తెలియదు.

సాయంత్రం. బతికాను. సొరుగులో పదకొండు డిస్కులు దొరికాయి. అన్నిటి మీదా అన్నయ్య చేతిరాత, నెలలూ సంవత్సరాలూ. చెరిగిపోయే ముందే తన ఉత్తరాల్ని తొమ్మిదో డ్రైవుతో వేరే డిస్కులకి ఎక్కించేవాడని వదిన చెప్పింది. నాలాంటివాడే మా అన్నయ్య.

మార్చి 10, సోమవారం

ఏ డ్రైవులో ఏది ఉండాలో తెల్ల కాగితం మీద గీసుకున్నాను. ఎనిమిదిలో బోర్డు నడిపే ప్రోగ్రామూ సభ్యుల పేర్లూ, వాటిని కదపకూడదు. పదిలో రోజువారీ ఉత్తరాలు. పదకొండులో వచ్చినవాళ్ళు తీసుకునే ఆటలూ అవీ. తొమ్మిదిలో అన్నయ్య పాత ఉత్తరాల డిస్కులు ఒక్కొక్కటే పెట్టి, చదివి, అచ్చు తీసి టీచరుకి ఇవ్వాలి. గీత కూడా వంకర పోలేదు. చాలా రోజుల తర్వాత నా పని నేను చేసినట్టు అనిపించింది. ఇల్లు అలకగానే పండగ కాదని తెలుసు. అయినా అలికిన ఇల్లు చూసుకుంటే ముచ్చటే.

ఒక్కటే చిక్కు. తొమ్మిదో డ్రైవు ఆరోగ్యం బాగాలేదు. పదకొండులో చక్కగా నడిచే డిస్కు ఇందులో పెడితే టకటకా కొట్టుకుని తప్పు అని ఎర్ర లైటు వెలిగిస్తోంది. అన్నయ్య డిస్కులు అందులో పెట్టలేదు, నమిలేస్తే? విరిగిన అరలో మంచి సరుకు పెట్టకూడదు, అది స్టోర్స్‌లో మొదటి పాఠం. వాటిలో ఒకదాన్ని పదిలో పెట్టి చూశాను, చదవలేదు. సరే, తొమ్మిది సామాను తొమ్మిదికే. ముందు దాన్ని బాగుచేయించాలి.

మార్చి 14, శుక్రవారం

మెకానిక్ వచ్చాడు. టేప్ రికార్డర్లూ టైప్ మిషన్లూ బాగుచేసే పెద్దాయన. రెండు వీధుల అవతలే ఉంటాడు. ఇలాంటి డ్రైవులు విప్పగలిగే మనిషి ఇంకా ఉండటమే గొప్ప. మూత తీసి, లోపల తుడిచి, అడుగున రెండు స్క్రూలు వదులు చేసి ఏదో జరిపి బిగించాడు. గంట పట్టింది. ఏదో అడిగాడు, చెప్పాను. కొట్టుకోవడం ఆగిపోయింది. పదకొండో డ్రైవు డిస్కు ఇప్పుడు తొమ్మిదిలో వెన్నలా నడుస్తోంది.

అన్నయ్య ఎందుకో చిరాకు పడ్డాడు. బిస్కెట్ ఇచ్చి అవతల గదిలో కూర్చోబెట్టాను.

రేపు పని మొదలు.

మార్చి 15, శనివారం

మొదటి డిస్కు చదవలేదు. రెండోదీ.

మార్చి 16, ఆదివారం

పదకొండూ చూశాను. పాతవి కదా, చెమ్మ పట్టి ఉంటాయి. సొరుగు కిటికీ పక్కన ఉంది. అన్నయ్యకి వస్తువులు ఎక్కడ పెట్టాలో ఎప్పుడూ తెలియదు.

మార్చి 18, మంగళవారం

టీచరు అడిగింది. రెండు రోజుల్లో ఇస్తానన్నాను. అట్టలు చూపిస్తే అన్నయ్య ఇవాళ కూడా గోడనే చూశాడు.

చెమ్మే. ఖచ్చితంగా చెమ్మే.

మార్చి 20, గురువారం

చెమ్మ కాదు.

పధ్నాలుగో తారీఖున రాయనిది ఇవాళ రాస్తాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. నాకు నేనే అబద్ధం చెప్పుకుంటే ఇక దీనికి కాగితం దండగ.

ఆ రోజు మెకానిక్ స్క్రూలు వదులు చేసేముందు స్క్రూడ్రైవరు పక్కన పెట్టి అడిగాడు, "అమ్మా, దీంతో రాసిన పాత డిస్కులుంటే ముందు వేరేచోటికి ఎక్కించుకున్నారా?" అని. నాకు ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి నామోషీ. ఇరవై రెండేళ్ల స్టోర్‌కీపర్ని కదా. "ఆ, అన్నీ చూసుకున్నామండీ" అన్నాను.

ఇంకొకటి. అన్నయ్య చిరాకు పడలేదు. కుర్చీ జరుపుకుంటూ వచ్చి తొమ్మిదో డ్రైవు మీద ఎడమచెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడు. అదే, అదే అన్నాడు. నేను ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. పసివాడికి చెప్పినట్టు నచ్చజెప్పి, బిస్కెట్ పెట్టి అవతలికి తీసుకుపోయాను.

ఇవాళ మెకానిక్ దగ్గరికి నేనే నడిచి వెళ్ళాను. విషయం విని కూర్చోమన్నాడు. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. డ్రైవులో చదివే తల ఒక కొలత ప్రకారం గీతల మీద నడవాలి. మా తొమ్మిదోది ఏళ్ల తరబడి గీత పక్కన నడుస్తోంది. పక్కన నడుస్తూనే రాసింది, పక్కన నడుస్తూనే చదువుకుంది. దాని రాత దానికే అర్థమవుతుంది, వేరేవాటికి కాదు. ఇప్పుడు నేను దాన్ని సరైన గీత మీద పెట్టించాను. అది తన పాత రాత తానే చదువుకోలేదు.

డిస్కుల్లో మాటలు ఉన్నాయి, చెరగలేదు. వంకరని మళ్ళీ అంతే వంకరగా తెస్తే చదువుతుంది. ఎంత జరిపాడో గుర్తుందా అని అడిగాను. "పాతవి లేవన్నారు కదమ్మా, గుర్తు పెట్టుకోలేదు" అన్నాడు. గుడ్డిగా అటూ ఇటూ తిప్పి వెతికితే ప్రతి తప్పుకీ తల కొట్టుకుని డిస్కు అరిగిపోతుందట. ఎటువైపు, ఎంత అనేది తెలిస్తే చెప్పమన్నాడు.

అది తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. చెప్పలేడు.

మార్చి 21, శుక్రవారం

అన్నయ్యకి చెప్పాను. కళ్ళు మూసుకున్నాడు. మధ్యాహ్నం దాకా తెరవలేదు.

వదినకి చెప్పడానికి నోరు రాక వంటింట్లో గిన్నెలు తోమినవే తోముతూ నిలబడ్డాను. ఆవిడే వచ్చి కుళాయి కట్టేసింది. మొత్తం విని, కుట్టుమిషను దగ్గరికి వెళ్ళి కూర్చుని, కుడుతున్న చొక్కా చేతిని పట్టుకుని, తప్పు పడిన కుట్టు విప్పడం మొదలుపెట్టింది. నేను తిట్ల కోసం ఎదురుచూస్తూ నిలబడే ఉన్నాను.

"రోజుకి ఎన్ని కుట్లు విప్పుతానో నీకేం తెలుసు. కుట్టు తప్పిందని బట్ట పారేస్తామా" అంది. తల ఎత్తకుండానే, "ఆయన చెయ్యి పెట్టడం నేనూ చూశాను. నేనూ ఊరుకున్నాను. సగం నాది" అంది.

నాకు తెలుసు, అందులో ఆవిడది ఆవగింజంత కూడా లేదు. అయినా సగం తీసుకుంది. ఇలాంటి మనిషి మీద నేను వాళ్ళ పెళ్ళిలో అలకలు పోయాను, ముప్పై నాలుగేళ్ల కిందట, ఆడపడుచు లాంఛనంగా పెట్టిన దుప్పటి రంగు బాగాలేదని.

మార్చి 24, సోమవారం

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, పట్టుకుంటాను.

బోర్డులోకి వచ్చినవాళ్ళకి మొట్టమొదట కనబడేలా ఒక ప్రకటన పెట్టాను. పన్నెండు వరుసలు, రెండు బ్లాకులు. నేను లైన్‌మన్ చెల్లెల్ని. నా తప్పు వల్ల అన్నయ్య రాసిన పాత ఉత్తరాలు చదవలేకపోతున్నాం. అన్నయ్యకి మాట రావడానికి అవి కావాలి. అన్నయ్య మీకు ఎప్పుడైనా రాసిన జవాబు మీ డిస్కుల్లో దాచుకుని ఉంటే దయచేసి తిరిగి పంపండి.

'నా తప్పు వల్ల' అన్న మాట నాలుగుసార్లు చెరిపి, అయిదోసారి ఉంచేశాను.

వచ్చేవాటికి చోటు కావాలి. పదకొండో డ్రైవులో ఆటల డిస్కు తీసేసి కొత్తది పెట్టాను. ఎన్ని వస్తాయని? ఓ పది రావచ్చు. అయినా డిస్కు మొత్తం ఇచ్చేశాను. ఆరువందల అరవై నాలుగు బ్లాకులూ.

మార్చి 25, మంగళవారం

మూడు.

మార్చి 27, గురువారం

ఫోన్ లైనుకి ఊపిరాడటం లేదు. ఒకరు పెట్టేయగానే ఇంకొకరు. మోడెమ్ కీచుమన్నప్పుడల్లా వదిన మిషను ఆపి తల తిప్పి చూస్తోంది. 'పిచ్చుక' అనే ఆవిడ, రిటైరైన లెక్కల టీచరట, పొద్దుట్నించీ ఎంగేజ్ వచ్చి చివరికి మధ్యాహ్నం మూడింటికి లైను దొరికి ముప్పై ఒక్క ఉత్తరాలు పంపింది. అన్నీ దాచుకుందట. ఎందుకు దాచుకున్నారని అడిగాను. తన మోడెమ్ పాడైనప్పుడు ఓర్పుగా జవాబు రాసిన మనిషి లైన్‌మన్ ఒక్కడేనని, అలాంటివి ఎవరైనా పారేస్తారా అని రాసింది.

పేర్ల పట్టిక నిండిపోయింది. నూట నలభై నాలుగు. పది వస్తాయనుకున్న డిస్కు రెండు రోజుల్లో నిండితే ఏ స్టోర్‌కీపరూ ఇంత సంతోషంగా కొత్త అర వెయ్యదు. రెండో డిస్కు పెట్టాను.

నేను మొహం చూడని మనుషులు. తప్పు చేశానని చెప్పినా ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

టీచరు అచ్చు కాగితాలు అన్నయ్య ముందు పెట్టింది. గోడవైపు తిరగలేదు. చదువుకున్నాడు, పెదాలు కదిలాయి, గొంతు మాత్రం రాలేదు. తిరిగొచ్చినవన్నీ వైర్ల గురించీ స్క్రూల గురించీ. కబుర్లూ వేళాకోళాలూ అన్నయ్య తన దగ్గర దాచుకున్నవాటిలోనే ఉంటాయి. నిజమే, సాయం చేసిన ఉత్తరం దాచుకుంటారు గానీ ఆటపట్టించినది ఎవరు దాచుకుంటారు. టీచరు ఇవి కూడా మంచివే అంది గానీ, నవ్వొచ్చే మాట ముందు వస్తుందండీ అని కూడా అంది.

ఏప్రిల్ 2, బుధవారం

దొరికింది.

రెండో డిస్కులో నూట పన్నెండో ఉత్తరం. పంపింది 'గంట', గోడ గడియారాలు బాగుచేస్తాడు. నాలుగేళ్ల కిందట ఆయన తన డ్రైవు సరిచేసుకోవడం ఎలాగని అడిగితే అన్నయ్య రాసిన జవాబు. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

'గంటగారూ, మీది సరిచేసుకోండి గానీ నన్ను చూసి కాదు. నా తొమ్మిది సగం గీత లోపలికి జరిగి ఉంది. కంటికి కనిపించదు, గోరు మందంలో సగం. తెలిసే అలా వదిలేశాను. నా కబుర్లన్నీ దాంతోనే రాశాను, దాన్ని బాగుచేస్తే నా మాట నాకే అర్థం కాదు. అన్నీ పదికి ఎక్కించాకే ముట్టుకోవాలి. ఎక్కిస్తాను, తొందరేముంది.'

లోపలికి. సగం గీత. ఎటువైపు, ఎంత. రెండూ ఉన్నాయి.

వదినకి చదివి వినిపించాను. 'తొందరేముంది' అన్నది రెండుసార్లు చదివించుకుంది. చెప్పులేసుకుని మెకానిక్ ఇంటికి ఇద్దరం కలిసే వెళ్ళాం.

ఏప్రిల్ 5, శనివారం

మెకానిక్ పొద్దున్నే వచ్చాడు. ఈసారి అన్నయ్య కుర్చీని నేనే బల్ల దగ్గరికి తీసుకొచ్చాను. మూత తీశాడు. అన్నయ్య ఎడమచెయ్యి డ్రైవు మీద వేశాడు. ఎవరూ తియ్యలేదు.

అన్నిటికన్నా పాత డిస్కు పెట్టాం, పోయినా తక్కువ పోతుందని. స్క్రూలు వదులు చేసి, వెంట్రుక వాసి లోపలికి జరిపి, బిగించి, చదవమన్నాం. టకటకా కొట్టుకుంది. ఎర్ర లైటు. ఇంకాస్త. మళ్ళీ ఎర్ర లైటు. ఏడోసారికి మెకానిక్ చెమట తుడుచుకుని, ఇంక డిస్కు అరిగిపోతుందేమో అని ఆగాడు.

అప్పుడు అన్నయ్య మెకానిక్ మణికట్టు పట్టుకున్నాడు. ఆపడానికి కాదు. చెవి తిరుగుతున్న డ్రైవు దగ్గరికి పెట్టి, కళ్ళు మూసుకుని, ఆ చేతిని మెల్లగా వెనక్కి తిప్పించాడు. మేం ఎక్కువ లోపలికి వెళ్ళిపోయామన్నమాట. స్తంభాలెక్కి లైనులో మోత విని తెగిన చోటు చెప్పే మనిషి కదా. ఒకచోట పట్టు బిగించాడు. అదే, అన్నాడు.

మెకానిక్ అక్కడే స్క్రూ బిగించాడు. చదవమన్నాను. కొట్టుకోలేదు. గుర్రుమని తిరిగింది. తెర మీద పేర్ల పట్టిక పైనుంచి కిందికి జాలువారింది, ఒకదాని కింద ఒకటి.

వదిన లేచి వెళ్ళి మెకానిక్‌కి కాఫీ తెచ్చి రెండు చేతులతో ఇచ్చింది. ఆయన తలవంచుకుని తాగాడు. పదకొండు డిస్కులూ పదో డ్రైవు ద్వారా కొత్తవాటికి ఎక్కేదాకా కదలనని కూర్చున్నాడు, సాయంత్రం ఆరు దాకా. తొమ్మిది డిస్కులు పూర్తిగా వచ్చాయి. ఒకటి సగం. ఒకటి రాలేదు.

పోయినదాని మీద అన్నయ్య చేతిరాతతో ఒక వేసవి మూడు నెలల పేర్లున్నాయి. దాన్ని పారెయ్యను. నా బల్ల సొరుగులో, రోజూ కనబడేచోట పెట్టుకుంటాను.

ఏప్రిల్ 10, గురువారం

టీచరు ఒక కాగితం తీసి పెట్టింది. అన్నయ్య అయిదేళ్ల కిందట రాసినది. 'పిచ్చుకగారూ, మీ మోడెమ్‌కి ఏ జబ్బూ లేదు. వైరు మీద మీ పిల్లి కూర్చుని ఉంటుంది. లేపండి.'

అన్నయ్య చదివాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. నవ్వులోంచి, "పిల్లి" అన్నాడు.

టీచరు రెండు నెలలుగా పిల్లి బొమ్మ అట్ట పట్టుకుని తిరుగుతోంది. సంచీ భుజం మీద పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ నిలబడి కళ్ళు తుడుచుకుంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

పిల్లి. లేపండి.

ఏప్రిల్ 19, శనివారం

పంతొమ్మిది మాటలు. బోర్డులో లెక్క పెడుతున్నాను, అందరూ అడుగుతున్నారు. పిచ్చుకగారు తన పిల్లి పోయి మూడేళ్లయిందని, అది ఇంత పనికొచ్చిందని తెలిస్తే మీసాలు దువ్వుకునేదని రాశారు.

ఇకమీదట పాత ఉత్తరం ఏదీ చెరగకుండా ఏర్పాటు చేశాను. నూట ముప్పై నిండగానే నేను డిస్కు మారుస్తాను. ప్రతి డిస్కుకీ రెండు కాపీలు, రెండు వేరే డ్రైవులతో. ఒక కాపీ మెకానిక్ ఇంట్లో ఉంటుంది. తన బీరువాలో టేపుల పక్కన అర ఖాళీ చేసి ఇచ్చాడు ఆ మహానుభావుడు.

మే 8, గురువారం

మాటలు వస్తున్నాయి గానీ విడివిడిగానే. రెండు మాటలు కలిసి నడవవు. టీచరు చేత్తో టైపు కొట్టించి చూద్దామంది. కంప్యూటరు ముందు కూర్చోబెట్టాం. ఎడమచేతి చూపుడువేలు ఒక్కటే. ఒక్కో అక్షరం కోసం కీబోర్డు అంతా వెతుక్కోవాలి. నలభై నిమిషాలు పట్టింది. మమ్మల్ని చూడనివ్వలేదు. చివర్లో తనే గట్టిగా ఒక మీట నొక్కి, ఉత్తరాన్ని బోర్డులో వేసేశాడు.

తెరిచి చూశాను. పంపినవారు లైన్‌మన్. ఒక్క వరుస, ఒక్క బ్లాకు.

'చెల్లి 9 ముటుకోకు'

ఒక అక్షరం తగ్గింది. అది తప్ప నిండు వాక్యం. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి ఎటు తిరగాలో తెలియలేదు. ఇంత సంతోషంగా నేను ఎప్పుడూ తిట్లు తినలేదు. సరే అన్నయ్యా, జన్మలో ముట్టుకోను అన్నాను.

వదిన నా భుజం మీంచి చదివింది. మిషను దగ్గరికి వెళ్ళి కూర్చుంది గానీ కుట్టడం లేదు. ఏమైంది వదినా అని దగ్గరికి వెళ్తే, దారం కొస నోట్లో పెట్టుకుని అటు చూస్తూ అంది, "ఏడు నెలల తర్వాత నోరు తెరిచి మొదట తిట్టింది నిన్నా. నాకు తిట్లు లేవా ఆయన దగ్గర?"

వెళ్ళి అన్నయ్యతో చెప్పాను. అన్నయ్య వదిన వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీ సర్దుకుని మళ్ళీ కీబోర్డు మీదికి వంగాడు.

మోడెమ్ వైరు పీకేశాను, ఎవరూ ఫోన్ చేసి అడ్డు రాకుండా. పదో డ్రైవులో కొత్త డిస్కు పెట్టాను, మొత్తం ఖాళీ. వదిన కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చుంది. నేను ఇటు కూర్చుని ఇది రాస్తున్నాను. పావుగంట అయింది. ఇప్పటికి రెండు అక్షరాలు పడ్డాయి. మూడోదాని కోసం వెతుకుతున్నాడు.